తొమ్మిదడుగుల గీత

హేమసుందర్ డిస్కు పెట్టి లైటు తీసేశాడు.
"మచ్చ లేదు, గీత లేదు మావయ్యా,
కడిగిన ముత్యంలా చేశారు, చూడు" అన్నాడు.

చూశాను.
దేవిడీ గోడకి మేకు కనబడింది.
గబ్బిలం వీపున నల్ల దారం కనబడింది.
జమీందారు విగ్గు నుదుటి దగ్గర కొంచెం లేచి ఉంది.
యాభై ఏళ్లు ఇవన్నీ
మా నెల్లిమర్ల తెర మురికిలో భద్రంగా దాక్కున్నాయి.

వాన లేదు.
కథంతా వానలో జరిగిందనే ఇన్నాళ్లూ నా లెక్క.
ఆ చిటపటలు రీలువట.
బయట కీచురాళ్లు, వెన్నెల,
పొడి బట్టలతో ఒకడు లోపలికొస్తున్నాడు.

అప్పుడు నాకు పద్నాలుగు.
లెంక చిన్నప్పడు ఆపరేటరు, నేను రీళ్లు తిరగేసే గుంటణ్ణి.
కార్బన్ కడ్డీల పొగ, జిగురు సీసా,
గోడవతల జూటు మిల్లు.
సి షిఫ్టు కూత పడితే
తెర మీద ఎవరేమన్నా ఎవరికీ వినబడదు.

ఓ రాత్రి ఎనిమిదో రీలు తిప్పుతూ తూగాను.
వేలి కింద ఇసక రేణువో, జనప పుల్లో,
చంపావతిలోంచి నా లాగూకంటుకొచ్చిందేదో.
కళ్లు తెరిచేసరికి ఫిల్ము నడిమధ్య
తొమ్మిదడుగుల పొడవున చర్మం లేచిపోయింది.
చిన్నప్పడికి చెప్పలేదు. చుట్టి డబ్బాలో పెట్టేశాను.

తొమ్మిదడుగులంటే తెర మీద ఆరు సెకన్లు.

మర్నాడు ఫస్టు షో.
హీరోయిన్ దీపం పట్టుకుని మెట్ల కింద నిలబడింది.
పైమెట్టు మీద
సన్నగా, తెల్లగా, కొంచెం ఊగుతూ
ఎవరో ఉన్నారు.
ఆడవాళ్ల బెంచీల్లోంచి ఒక్క కేక:
"ఓలమ్మో! సూడండర్రా, దిగతంది!"

ఇక చూడాలి ఊరు.
మొయిద నుంచి బళ్లు కట్టుకొచ్చారు.
గేటుకి వేపమండలు కట్టి పసుపునీళ్లు చల్లారు.
యజమాని కొబ్బరికాయ కొట్టి ఇంకో వారం పొడిగించాడు.
ఆమె ఎవరో కూడా తేలిపోయింది.
వంటమనిషి అన్నారొకరు, పెద్దరాణి అన్నారింకొకరు,
నూలు ఖాతా మేస్త్రీ మాత్రం
చీరకట్టుని బట్టి మా రాజాం మనిషే అన్నాడు.
నేను పైన కన్నంలోంచి చూస్తూ
వేళ్లు జేబులో దాచుకునేవాణ్ణి.
నాలుగో వారానికి, నిజం చెప్పొద్దూ,
నాకూ భయమేసేది.

ఇవాళ మళ్లీ ఆ మెట్లొచ్చాయి.
అసిరమ్మ కాళ్లు సోఫా మీదకి ముడుచుకుంది.
ఆ రోజు కేకేసింది తనే.
పెళ్లయి నలభై మూడేళ్లు.
అప్పులు కూడా చెప్పుకున్నాం,
ఇది తప్ప.

దీపం. మెట్లు.
పైమెట్టు మీద
ఎవరూ లేరు.
చెక్క ఈనెలు లెక్కపెట్టేంత శుభ్రంగా
ఎవరూ లేరు.
హీరోయిన్ ఆ ఖాళీని చూసే వణుకుతోంది.
అప్పుడెన్నడూ పట్టని చలి
నన్నిప్పుడు పట్టుకుంది.

"భయమేసిందా అత్తా?" అన్నాడు మేనల్లుడు.
తను మాట్లాడలేదు. వెనక్కి తిప్పమంది.
చూసింది. ఇంకోసారి తిప్పమంది.
"ఎలిపోనాది" అంది చివరికి.
"పోన్లే పాపం. ఎన్నేళ్లని నిలబడతాది ఆ మెట్టు మీద."

నోటిదాకా వచ్చింది,
ఇసక రేణువు, నిద్ర, తొమ్మిదడుగులూ.
మిల్లు లాకౌటు.
నా గొంతు కప్పేయడానికి కూత కూడా లేదు.

హేమసుందర్ బండి చప్పుడు మలుపు తిరిగింది.
తలుపేసి, వీధి లైటు స్విచ్చు మీద చెయ్యి వేశాను.
"ఆర్పీకు" అంది లోపల్నించి.
"కొత్త తోవ. సీకట్లో ఎటని ఎల్తాది, అది."