ముప్పై ఏడో నిమిషం

ఓబులేసూ,
ఉరవకొండ గాలిమరల కాడ రాత్రి డ్యూటీలో
చూసేకి ఏదన్నా చెప్పమన్నావు గదా.
సినిమాలు చెప్పను. డాక్యుమెంటరీలే.
నిద్రొస్తే నా మీద నెట్టొద్దు.

మొదట ఆ బోరు లారీది చూడు.
గంటా పది నిమిషాలు.
పాట లేదు, కథ చెప్పే గొంతు లేదు.
కళ్యాణదుర్గం అవతల ఒక చేను,
మూడు రాత్రులు, ఒక లారీ,
తెల్లగా లేస్తా ఉండే దుమ్ము.
ఎనిమిది నూర్ల అడుగుల కాడ
రైతు దోసిట్లోకి మన్ను తీసుకొని
వాసన చూస్తాడు.
తడి ఉందో లేదో మనకు చెప్పరు.
నేను నాలుగు సార్లు చూసినా.
నాలుగు సార్లూ
సెల్లు తెచ్చి ముక్కు కాడ పెట్టుకున్నా.

రెండోది కొంచెం ఓపిక కావాల.
ఓట్ల సిరా వండే చోటు నుంచి
అది అంటుకునే చివరి వేలి దాకా పోతాది.
నడుమ ఒక ఆఫీసరు చానాసేపు మాట్లాడతాడు,
ఆ ముక్క దాటించుకో, పాపం తగలదు.
ఆఖర్న ఒక ముసలామె
సున్నం పెట్టి, బొప్పాయి పాలు పెట్టి
గుర్తు రుద్దుకుంటా కూచోనుంటాది.
ఎందుకమ్మా అంటే
"నాది పుర్రచెయ్యి నాయనా,
అన్నం కలుపుకోవాల గదా" అంటాది.

మూడోది ఇప్పుడే చెప్పను.
ముందు ఈపొద్దు సంగతి విను.

పొద్దున్నుంచీ టీవీలో పెద్దాయనే.
పోయినాడంట.
సప్తగిరి సర్కిల్లో అప్పుడే ఫ్లెక్సీ లేచింది,
తమలపాకంత ఫోటోను తలుపంత చేసినారు.
మొన్నటిదాకా ఆయన్ను ఉతికి ఆరేసిన చానెలే
ఈపొద్దు పూలు చల్లుతాంది.
మా అంగడికి ఛార్జింగు పిన్ను మార్పించుకునేకి వచ్చి
ఇద్దరు కొట్టుకున్నంత పని చేసినారు.
చెరువుకు నీళ్లు తెచ్చిన మారాజంటాడు ఒకడు,
నీళ్లు కాదు తెచ్చింది, శిలాఫలకమంటాడు ఇంకొకడు.
నేను ఒక ఫోను కడుపు విప్పి పెట్టుకొని
రెండూ నిజమే అనుకున్నా.
పైకి అనలేదు.
అంగడి నడవాల గదా.

సరే, మూడోది.
ఇరవై ఏండ్ల కిందటిది, కరువు మీద.
యాడిదో ఊరు, కెమెరా భుజానేసుకొని
ఒక పిల్ల మా ఊరికొచ్చింది.
పదకొండు దినాలుండింది.
శెనిక్కాయలు ఒలిచే కాడ కూచోని
గోళ్లు చిట్లేదాకా తనూ ఒలిచింది.

ముప్పై ఏడో నిమిషం కాడ
పెద్దాయన జీపు దిగుతాడు.
అప్పటికింకా జుట్టు నల్లగుండె.
మైకు పట్టుకొని,
"వచ్చే ఏటికి మీ చేలకు నీళ్లు" అంటాడు.
అందరూ ఆయన్నే చూస్తారు.
నువ్వు చూడొద్దు.
ఎడమ పక్క, గడ్డివామి కాడ,
పసుపు రైకలో ఒకామె
చేటలో చెరుగుతా ఉంటాది.
చప్పట్లకు కూడా చెరిగేది ఆపదు.
నీళ్లన్న మాట కాడ మాత్రం
ఒక్కసారి తల ఎత్తుతాది.
చూసేది పెద్దాయన మొగం కాదు,
ఆయన పక్కనోడి చేతిలో ఉండే
నీళ్ల సీసా.
నాలుగు సెకన్లు.

ఆమె మా యమ్మ, సుంకమ్మ.
ఇంట్లో ఆమెది ఒకటే ఫోటో,
రేషన్ కార్డు మీదిది,
ఒక కన్ను స్టాంపు కింద పోయింది.
ఊపిరి తీసుకునే అమ్మ
నాకు ఈ నాలుగు సెకన్లే.

ఈ రాత్రి చానెలోళ్లు ఆ ముక్కే ఏసినారు.
అదే జీపు, అదే మైకు.
కానీ బొమ్మను పెద్దాయన కాడికి కోసుకున్నారు.
అమ్మ ఉండాల్సిన చోట
ఎర్ర పట్టీ మీద తెల్లక్షరాలు పోతాండాయి.
రిమోటు పక్కన పెట్టేసినా.
అప్పుడు వినపడింది,
ఆయన మాటల సందులో
చర్... చర్... చర్...
చేట.
బొమ్మను కోసినారు గానీ
దాన్ని కొయ్యడం వాళ్లకు తెలీలే.

చెవుల్లో తీగ పెట్టుకొని చూడు ఓబులేసూ,
ఆడ గాలి మోత ఎక్కువ.
ఛార్జింగు తక్కువుంటే
మొదటి రెండూ రేపు చూద్దువులే.