బద్లీ

మలక్‌పేటలో ఎక్స్‌రే సెంటర్, మూడో అంతస్తు.
లిఫ్టుకి తాళం.
ముప్పై కిలోల పెట్టెను నేనూ వాచ్‌మన్ బందగీ సాబూ
మలుపు మలుపుకీ దింపుకుంటూ ఎక్కించాం.
ఎనిమిది గూళ్ళ పెట్టె.

డిస్కులు కావాలనే రెండు చోట్ల కొన్నాను,
నాలుగు సికింద్రాబాద్ సీటీసీలో, నాలుగు కోఠిలో.
ఒకే కాన్పు డిస్కులు
ఒకే వారంలో కన్నుమూస్తాయని
చేతులు కాల్చుకుని నేర్చుకున్నా.
తెల్ల టేపు మీద నంబర్లు రాసి
ఒక్కో గూటి నుదుట అంటించాను,
కంగారులో ఎవరైనా
బతికున్నదాన్ని పీకకుండా.
రెండు పవర్ తీగలు:
ఒకటి యూపీఎస్‌కి, ఒకటి కరెంటోళ్ళ దయకి.

తెర అడిగింది: ఉన్నదంతా చెరిగిపోతుంది, సరేనా?
కొత్త డిస్కులే. అయినా
ఎంటర్ మీద వేలు ఒక్క క్షణం ఆగింది.
ఏ ఖాళీనీ పూర్తిగా నమ్మని వృత్తి మాది.

దేశ్‌పాండే సారు కుర్చీ లాక్కుని లెక్క చూశాడు.
"ఎనిమిది కొంటే ఐదిటి చోటే చూపిస్తోంది. మూడు ఏమైనట్టు?"
రెండిటి చోటు అందరికీ పంచేశాం సార్.
ప్రతిదాని ఒళ్ళోనూ పక్కవాటి గుర్తు కొంచెం ఉంటుంది,
ఏ రెండు పోయినా మిగిలినవి కూర్చుని
పోయినవాటిని పొల్లుపోకుండా మళ్ళీ చెప్తాయి.
"మరి ఎనిమిదోది?"
ఊరికే నిలబడి ఉంటుంది సార్.
"ఊరికే అంటే?"
ఎవరైనా పడిపోతే ఆ పనిలోకి దిగడానికి.
"దానికీ అంతే రేటా?"

మా నాయిన గుర్తొచ్చాడు.
లోయర్ ట్యాంక్‌బండ్ బట్టల మిల్లులో బద్లీ.
తెల్లారగట్ల నాలుగున్నరకి
టిఫిన్ డబ్బాతో గేటు ముందు నిలబడేవాడు.
లోపల ఎవడికి జ్వరమొచ్చిందో, ఎవడింట్లో సావైందో,
మేస్త్రీ కేకేస్తే ఆ మగ్గం దగ్గరికి,
కేకెయ్యకపోతే డబ్బాతోనే ఇంటికి.
మెట్ల మీద పెట్టిన డబ్బా చప్పుడు విని
అది ఖాళీదో నిండుదో
పొయ్యి దగ్గర్నుంచే చెప్పేది అమ్మ.
పదకొండేళ్ళు.
పర్మనెంట్ కాకముందే మిల్లు మూతపడింది.

అవును సార్, అన్నాను. అంతే రేటు.

రాత్రి పదకొండు. మూడు శాతం.
డ్యూటీ దిగిన ఎస్తేరు ఫ్లాస్కులో చాయ్ తెచ్చింది.
"పన్నెండేండ్ల సంది ఎన్ని ఛాతీలు తీసిన్నో నాకే యాది లేదు.
గవన్నీ గిండ్ల పడ్తయా?"
పడతాయి.
"ఇగ ఎన్నటికీ పోవా?"
అగ్గి అంటుకుంటే పోతాయి. దొంగ ఎత్తుకుపోతే పోతాయి.
ఇంకో నకలు ఇంకో ఇంట్లో ఉండాల్సిందే.
"మరి ఇంత ఖర్చు గిదెందుకు?"
ఒక డిస్కు పోయిన పూట కూడా
పేషెంటును రేపు రమ్మనకుండా ఉండటానికి.
ఆమె కప్పులో అడుగు చాయ్ తిప్పుతూ
"గట్లయితే మంచిదే" అంది.

మర్నాడు సాయంత్రానికి నిండింది.
వాల్యూమ్‌కి పేరు అడిగితే 'ఛాతీ' అని కొట్టాను.
సారు తుడిపించి సంవత్సరం పెట్టించాడు.
పాత స్కాన్లు కొన్ని ఎక్కించి,
అప్పగించే ముందు, నడుస్తుండగానే,
నాలుగో గూడు లాగేశాను.

పెట్టె కీచుమంది. నారింజ దీపం.
తెర మీద ఎవరివో ఊపిరితిత్తులు,
ఒక్క ఎముక కూడా చెదరలేదు.
ఎనిమిదో గూట్లో
నిన్నటినుంచి కదలని పచ్చ దీపం
రెప్పలు కొట్టడం మొదలెట్టింది.
ఎవరూ కేకెయ్యలేదు. అదే వెళ్ళింది.

"హో గయా క్యా, బాబా?" తాళాల గుత్తితో బందగీ సాబ్.
ఇంకో గంట, అన్నాను.

నా చేతిలో నాలుగోది వెచ్చగా ఉంది.
దానికి ఏ జబ్బూ లేదు,
పరీక్ష కోసం లాగానంతే.
తుడిచి మళ్ళీ గూట్లోకి తోశాను.
ఇకనుంచి
బద్లీ అది.