నలుపులో రకాలు

బాలరాట్‌లో జూలై చలి. రిపేరు షాపులో లైటార్పి
నలుపుల్ని పోల్చి చూస్తున్నాం, నేనూ బెరిల్.

ఎల్‌సీడీది దొంగనిద్ర:
మూసిన తలుపు కింద వెలుగు గీత కనబడుతూనే ఉంటుంది.

పాత పిక్చర్ ట్యూబు, ఆపాక కూడా
నడిమధ్య చుక్కై,
వెళ్లొస్తానంటూ గుమ్మంలోనే కబుర్లాడే చుట్టం.
వెనక చెయ్యి పెట్టకు, ఇంకా కరుస్తుంది.

ఈ-ఇంక్‌కి దీపం మనమే చూపించాలి.
కరెంటు తీసినా
చదివిన పేజీ వదలదు మొండిది.

ఓలెడ్ ఒక్కటే నిజంగా ఆరిపోతుంది,
చుక్క చుక్కా విడివిడిగా.

అయినా, పబ్బు నుంచొచ్చిన దీనికి
బూడిదరంగు వేస్తే
మూలన స్కోరు పట్టీ, పచ్చబొట్టులా.
అంకెల మీద అంకెలు, అన్ని శనివారాలూ ఒకే మరక.

"ప్యానెల్ మార్చాలి," అన్నాను.
బెరిల్ కళ్లజోడు తుడుచుకుంది.
"ఉండవోయ్, ఎవరు గెలిచారో చూడనీ."