వీపు

పరాగ్వాసు నది ఒడ్డున ఆరు మీటర్ల గోడ ఇచ్చారు.
ఒకప్పటి పంచదార గిడ్డంగి.
ఎన్నిసార్లు సున్నం కొట్టినా
వానొస్తే తీపి చెమట కారుస్తుంది.

ఇనాసియా బొమ్మ వెయ్యమన్నారు.
ఆమె బొమ్మ ఎక్కడా లేదు.
ఉన్నదల్లా పాత పత్రికలో నాలుగు ముక్కల ప్రకటన:
"పారిపోయినది. ఎడమ చెవి సగము తెగి ఉండును.
భుజమున వాత. పొడగరి. మాట దురుసు.
పట్టి తెచ్చినవారికి ముప్పై వేల రెయిసులు."

కొన్నవాడి కళ్ళతో ఎలా గీయను?
తెగిన చెవి ఒకసారి వేసి చూశాను,
నా కుంచె వాడి కత్తి వెంటే నడిచింది.
చెరిపేశాను.
మాట దురుసు – అదొక్కటే నచ్చింది నాకు.
దానికి ఏ రంగు కలపాలో మాత్రం
నలభై ఏళ్ళ పనితనం చెప్పలేకపోయింది.

నిచ్చెన కింద ఊరంతా మేస్త్రీలే.
పీతలమ్మే జెసుయీనా "ముక్కు మా అత్తది పెట్టు" అంది.
పడవల క్లెమెంటీనో కూతురి దవడ ఎరువిస్తానన్నాడు.
మునిసిపాలిటీ గుమాస్తా గడియారం చూసుకుంటూ
"కాస్త నవ్వుతున్నట్టు వెయ్యి, పర్యాటకులొస్తారు" అన్నాడు.
తొమ్మిది ముఖాలు బొగ్గుతో గీసి
తొమ్మిదీ తడిగుడ్డతో తుడిచేశాను.
గుడ్డ నల్లబడింది. గోడ ఊరుకుంది.

పదో రోజు డోనా ఎర్మెలిండా వచ్చింది,
ఒక చేత కర్ర, ఒక చేత మనవడి భుజం.
ఆమె ముత్తవ్వ తల్లి ఆ రాత్రి
మడ అడవిలో, మోకాటి లోతు బురదలో
ఇనాసియా వెనక నడిచిన పిల్ల.
"ఆ పిల్ల ముఖం చూసిందని ఎవరన్నారు?
చీకటి. ముందు ఒక వీపు. అంతే.
ముఖం చూసినవాళ్ళు వెల కట్టారు తల్లీ,
వీపు చూసినవాళ్ళు బతికారు."

అప్పుడు కలిపాను రంగు:
మడ బురద, దీపపు మసి, తాటినూనె ఎరుపు.
వెడల్పాటి వీపు, తడిసి అంటుకున్న గుడ్డ,
వాత మీద ఎవరి బిడ్డదో చెంప.
ఒక చెయ్యి కాస్త వెనక్కి చాపి ఉంది,
వేళ్ళ మధ్య ఏమీ పెట్టలేదు.

గుమాస్తా ఇంకా బిల్లు మీద సంతకం పెట్టలేదు,
"ముఖం లేని బొమ్మకి డబ్బులెలా?" అని.
ఇవ్వకపోతే మానె.

బడి వదిలాక పిల్లలు ఆ గోడ ముందు ఆగుతారు,
ఎవరూ చెప్పకుండానే ఒకరి వెనక ఒకరు.
ముందున్న పిల్ల మునివేళ్ళ మీద లేచి
ఆ చేతిని అందుకోబోతుంది.
"రంగు పోతుంది, చేతులు తియ్యండి!" అని
నిన్న గుమాస్తా అరిచాడు.
అది వెనక్కి తిరక్కుండానే అంది:
"పోతే మళ్ళీ వేస్తుంది. నీదా గోడ?"