ఆవక్ జావక్

సిరొంచల, తహసీలు ఆఫీసుకు ఎదురుంగ
మా సాహెబు గది. బల్ల మీద రెండు రిజిస్టర్లు.
వచ్చిన కాగితం ఆవక్‌ల ఎక్కిస్త,
పోయే కాగితం జావక్‌ల ఎక్కిస్త.
ఇంట్ల తెలుగు, వేళ్ల కొసన మరాఠీ,
ఇరవై రెండేండ్ల నుంచి ఇదే నౌకరి.

పోయిన సాలు ఎండకాలం
సర్పంచు పోర్తెట్ చిన్నన్నను నడిజామున లేపి తీస్కపోయిన్రు.
తెల్లారి డాంబరు రోడ్డు మీద దొరికిండు,
ఛాతి మీద చీటీ, చీటీ మీద రాయి.
మాపటికి ఎమ్మెల్యే గావిడె రాజేశం సాహెబు
కూసోకుండనే చెప్పిండు:
"రాయి బక్కయ్యా, ఇంకో మూడు కంపెనీల బలగం కావాలె.
యుద్ధం అని రాయకు,
పరిస్థితి అని రాయి."
జావక్ నంబరు రెండు వందల పద్దెనిమిది.

ఈ సాలు తునికాకు కల్లం కాడ
కట్టకు డెబ్బై లెక్కన ఆకు పేరుస్తున్న కుర్సం సోమి
సంచితోటే ఒరిగింది.
సంచిల తుపాకి ఉందని పేపర్ల అచ్చయింది.
ఉల్లిగడ్డ, గట్క ముద్ద ఉన్నయని సోమి తల్లి అన్నది.
అది ఎక్కడ అచ్చు కాలే.
సాహెబు ఈసారి కూసున్నడు. చానాసేపు పంకా దిక్కే చూసిండు.
"రాయి. బళ్లల్ల పెట్టిన క్యాంపులు ఎత్తెయ్యాలె.
బలగాలను ఎనుకకు తీస్కోవాలె."
నేను కొత్త కాగితం మొదలువెట్టలే.
పాత అర్జీ తెరిచి
పెంచాలె ఉన్న కాడ తగ్గించాలె అని కొట్టిన.
పరిస్థితి అట్లనే ఉన్నది.

నాగపురం సభల లేచిండట.
"పోయినేడు నువ్వే గద అడిగింది" అని
ఎదుటి బెంచీ, సొంత బెంచీ కలిసి నవ్విన్రట.
"అడిగిన. అప్పుడు సచ్చింది మావోడే,
ఇప్పుడు సచ్చింది మా పిల్లే" అన్నడట.
గంట కొట్టిన్రు.
మాట మార్చినోడని పేరొచ్చింది ఆయనకు.
ఆ మాట మార్చిన వేళ్లు నావి,
నన్నెవ్వరు అడుగలే.

ఆసరెల్లి అంగట్ల సోమి తల్లి అడ్డం నిలవడ్డది.
"బలగం పోవాలంటివట కొడుకా,
మరి నీ ఎనుక ఇద్దరున్నరేంది?"
గన్‌మెన్లల్ల ఒకడు పల్లీలు నములుడు ఆపిండు.
"వీళ్లు పోతే నేను గూడ చిన్నన్న తీరే పోత, అక్కా."
"చిన్నన్నకు ఇద్దరిని ఎందుకియ్యలే మరి?"
జీపెక్కినంక సాహెబు
నది వచ్చేదాకా నోరు తెరువలే.

క్యాంపుల నుంచి ఒక సిపాయి వచ్చేది నా తానకు,
ఎక్కడో అస్సాం పిల్లగాడు, పేరు దీపేన్.
ఆశ్రమ బడి నల్లబల్ల మీద
పదమూడో ఎక్కం సగం తుడిచి
డ్యూటీ లిస్టు రాసిన్రని వాడే చెప్పిండు.
మిగిలిన సగం వాడు తుడువనియ్యలేదట.
భార్య నెలలు నిండింది, పదిహేను రోజుల సెలవు కావాలె.
హిందీల కొట్టిచ్చిన. పైసలు తీస్కోలే.

నిన్న ఆవక్‌ల ఒకటి వచ్చింది.
రెండు వందల పద్దెనిమిదికి జవాబు, పద్నాలుగు నెలలకు:
తమరి విజ్ఞప్తి మంజూరు, మూడు కంపెనీలు బయలెల్లినయి.
సాహెబు రెండుసార్లు చదివిండు.
"రెండోదానికో?"
"రాలేదు సాహెబ్."

పొద్దుగాల ప్రాణహిత వంతెన మీద లారీలు.
పదకొండు దాకా లెక్కవెట్టి మానేసిన.
వాటికి ఎదురుంగ అహేరి బస్సు,
కిటికీల దీపేన్,
ఒళ్లె గులాబీ రంగు దోమతెర పాకెట్టు.
చెయ్యి ఊపిండు.
ఆఫీసుకొచ్చి ఏ రిజిస్టరు తెరువాలెనో తెల్వక
కలం మూతి తుడుసుకుంట కూసున్న.