వేలిముద్ర

ప్రతి నెలా ఆరో తారీఖు
రేకుల అర్రల నేను పింఛన్ల మిషను తెరిచేసరికే
చెప్పులు వరుసకు కూసుంటయి.
మనుషులు నీడకు పోతరు,
చెప్పులు మాత్రం వంతు తప్పవు.

బక్క తిర్పతయ్య బొటనేలు పెడ్తడు.
ఎర్ర లైటు.
పంచెకు తుడిచి పెడ్తడు. ఎర్ర లైటు.
కొబ్బరినూనె రాసి, చూపుడువేలు పెట్టి,
ఎడమచెయ్యి పెట్టి...
సరిపోలలేదు, అంటది తెర.
"ఎట్ల సరిపోల్తది బిడ్డా,
నా గీతలన్నీ శ్రీశైలం కట్ట కాడ రాళ్ళకిచ్చొచ్చిన.
ఆడికి పోయి అడుగుమను."

సిగ్నల్ దేవరకొండ దాంక పోయి
తిరిగొచ్చేలోపు
ఊకె కూసోలేక అడిగిన:
ఏ రాళ్ళు? ఎవరెవరు పోయిండ్రు?
అట్ల మొదలైంది.
పాత మనియార్డరు బుక్కు వెనక కాగితాల మీద
నా చేతిరాత, వాళ్ళ నోరు.

ఒక్క లారీల ముప్పై ఇద్దరు పోయిండ్రట,
ముప్పై మంది వచ్చిండ్రట.
రాని ఇద్దరి పేర్లు రెండుసార్లు రాయమన్నడు.
ఊశన్న. బుడ్డయ్య.
ఊశన్న. బుడ్డయ్య.

తండా మొదలు ఏ గుట్ట మీద ఉండెనో,
ఏ బోరింగు నీళ్ళు తాగినంక
పిల్లల పండ్లకు పసుపు గార లేసెనో,
ఏ బాయి నీళ్ళు తియ్యగుంటే
దాన్నే పూడ్చి రోడ్డేసిండ్రో
భూరి చెప్పింది, నేల దిక్కే సూసుకుంట.
నడుం వంగినంక ఆమెకు ఆకాశం తక్కువ.

ఖాసింబీకి చెలకల పేర్లన్నీ నోటికొస్తయి.
పాసుబుక్కుల నూట డెబ్బై నాలుగు బై అ,
ఆమె నోట్ల "గుడ్డెద్దు మడి".
"ఎద్దుకు కండ్లు లేకుండె గని
అది దున్నిన మడి ఏటా కన్నది."

వాళ్ళల్ల వాళ్ళకు పడదు.
"గది ఎర్రకుంట గాదు, పీర్లకుంట."
"నీకేం ఎరుక, నువ్వు కాపురానికొచ్చేసరికే
ఎండిపాయె."
నేను రెండూ రాస్త.

పోయిన నెల ఒక జత రాలె.
ఒక మడమ అరిగి, ఒక మడమ అరగని భూరి చెప్పులు.
లిస్టుల పేరు ఇంకున్నది,
మిషనుకు అన్నీ ఆలస్యంగ తెలుస్తయి.
కొడుకొచ్చి ఫోటో ఏమన్న ఉన్నదా అన్నడు.
లేదు. కాగితం సదివిన.
బాయి కాడికి రాంగనే ఆపి
"మల్ల సదువు" అన్నడు.
రోజూ దాని మీద నుంచే ఆటో తోల్తడు,
తెల్వదు.

ఇయ్యాల ఖాసింబీ వేలుకు మళ్ళ ఎర్ర లైటు.
"మిషను మీద పడకపోతే మానె,
నీ బుక్కు మీద పడ్తదేమో సూడు" అని
ముద్రల సిరాపెట్టెల వేలు అద్ది
గుడ్డెద్దు మడి పక్కన ఒత్తింది.

గీత ఒక్కటి లేదు.
నున్నటి నలుపు,
నడుమ అడ్డంగ తెల్లటి గాటు.

"జొన్నకోతల కొడవలి తెగింది.
ఏ మడిల్నో చెప్పాల్నా?"

బయట ఎవరో దగ్గిండ్రు.
చెప్పులు జరగలె.
చెప్పు, అన్న.