చెల్లుకు చెల్లు

ఆల్విన్ నీలానికి వేసేవాడు, నేను ఎరుపుకి.
పెళ్లైన ఏడాది నుంచీ అంతే.
మెథడిస్టు చర్చి హాలుకి ఒకే గొడుగు కింద వెళ్లి
ఒకరి ఓటు ఒకరం కొట్టేసి
వచ్చేటప్పుడు ట్రామ్ స్టాపు పక్కన నిలబడి
చేపా బంగాళదుంపలూ ఒకే పొట్లంలో తినేవాళ్లం.
"ఇంత వానలో ఇంత దూరం నడిచి
సున్నా వేసొచ్చాం, గ్లెనిస్!"
వెనిగర్ అంటిన వేళ్లు నాక్కుంటూ అనేవాడు.
అయితే ఈసారి ఇద్దరం ఇంట్లోనే ఉందామా అంటే
ససేమిరా ఒప్పుకునేవాడు కాదు.
"నువ్వు పెరటి తలుపు తీసుకుని వెళ్లి వేసొస్తావ్.
నాకు తెలీదూ నీ సంగతి!"

మార్చిలో అతనికి నూకలు చెల్లాయి.
జులైలో ఎన్నికలన్నారు.

అతని పేరు మీద కూడా పోలింగ్ కార్డు వచ్చింది.
పింఛనువాళ్లకి చెప్పాను, బ్యాంకుకి చెప్పాను,
గడువు దాటిన యుద్ధనౌకల పుస్తకం తిరిగిచ్చి
లైబ్రరీకి కూడా చెప్పాను.
ఓటర్ల జాబితాకి చెప్పడం మర్చిపోయాను.
మర్చిపోయానో, మనసొప్పలేదో.

శనివారం ఒక కుర్రాడొచ్చాడు, కోటుకి ఎర్ర బిళ్ల, చేతిలో అట్ట.
"ఈ ఇంట్లో ఎన్ని ఓట్లండీ?"
"రెండు" అంది నాలుక, అలవాటు కొద్దీ.
"రెండూ మనవేనా?"
"రెండూ కలిపితే ఏమీ లేదు నాయనా."
పాపం, ఆ గడిలో ఏం రాయాలో తెలీక
తడిసిన చెవి గోక్కున్నాడు.

పక్కింటి బెరిల్ అంటుంది,
ఈ ఒక్కసారికీ ఆయన తరఫున ఆయనకే వెయ్యరాదూ అని.
లీడ్స్ నుంచి మా అమ్మాయి అంటుంది,
ఆ ఇద్దర్నీ వదిలెయ్యి, ఆకుపచ్చకి వెయ్యమ్మా అని.
ఫ్రిజ్ చప్పుడు తప్ప ఏదీ వినిపించని రాత్రి
నీలమే వేద్దామనిపిస్తుంది.
పొద్దున ఎనిమిదింటికి డాక్టరు కోసం ఫోన్ చేసి
"మీరు ముప్పై ఒకటో వారు" అని వింటే
మళ్లీ ఎరుపెక్కుతుంది ఒళ్లంతా.
నా ఓటుకి ఎదురు లేకపోవడం ఇదే మొదటిసారి.
అది గెలుపులా లేదు.
డామినోస్ మధ్యలో అతను టీ పెట్టడానికి లేస్తే
అతని పలకలు తిప్పి చూసినట్టుంది.

ఆ రాత్రి అంబులెన్స్ కోసం
మూడు గంటల నలభై నిమిషాలు.
మెట్ల కింద తివాచీ మీద, అతని తల నా ఒళ్లో.
పాడు నోరు, ఊరుకుందా?
"ఇప్పటికైనా ఒప్పుకో, ఎవరికి వేశావో!" అన్నాను.
కళ్లు తెరవకుండా నవ్వాడు.
"ఓట్ల రోజు చూసుకుందాంలే."
ఆ తర్వాత అతను మాట్లాడినవి మాటలు కావు.

వాన లేదు. గొడుగు మాత్రం తీసుకెళ్లాను.
హాల్లో పిల్లల ప్లాస్టిక్ వంటగదిని గోడకి నెట్టి
బూత్‌లు పెట్టారు.
బస్ పాస్ చూపిస్తే క్లర్కు స్కేలు పెట్టి
నా పేరు మీద గీత గీసింది.
దాని పైన అతని పేరు, ఏ గీతా లేకుండా, శుభ్రంగా.
"ఇతను రాడు" అని కార్డు బల్ల మీద పెట్టాను.
"అయ్యో. మేమిక్కడ కొట్టెయ్యకూడదండీ,
కౌన్సిల్ ఆఫీసుకి రాయాలి."
మంచిదేలే అనుకున్నాను.

దారం కట్టిన పొట్టి పెన్సిలు.
మా దేశంలో ఓటంటే ఇంటూ గుర్తు,
బడిలో తప్పు లెక్కకి పెట్టేదే.
ఎడమ పైనుంచి ఒక గీత గీసి ఆగాను.
ఒక్కటే ఉంటే అది దేనికీ కాదు,
దానికి అడ్డం పడే గీత ఇంకొకటి కావాలి.
అది కూడా నేనే గీశాను, ఎరుపు పేరుకెదురుగా,
కాగితం వెనక తేలేంత గట్టిగా.

ఓట్ల రోజు చూసుకుందామన్నావుగా.
ఇదిగో, చూసుకో.